గుండెలు గొంతుల్లోకి వచ్చిన వేళ

పసుపు పండే ఊళ్లో గొంతుకు ఏమి వచ్చినా మొదటి మందు పసుపు పాలే. ఆర్మూరులో ఈ వైద్యం తెలియని ఇల్లు లేదు. సంక్రాంతి దాటి తవ్వకాలు ఊపందుకున్నాక, కల్లాల్లో కొమ్ములు ఉడికి, ఎండి, పాలిష్ డ్రమ్ముల్లో తిరిగే రోజుల్లో గాలి సైతం పచ్చబడుతుంది. దగ్గేవారు, గొంతు సవరించుకునేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. అందుచేత మా మద్రసాలో చదివే ఒక పిల్లవాడి తండ్రి తన గొంతులో ఏదో అడ్డం పడిందని చెప్పినప్పుడు అది పసుపు ధూళి పనేనని నేను భావించాను. అతడు పనిచేసేది డ్రమ్ము దగ్గరే మరి.

"మౌలానా సాబ్, ముద్ద దిగుతుంది, ఉమ్మి దిగదు" అన్నాడతడు. చేతిలో నీళ్ల సీసా ఉంది. దమ్ చేయించుకోవడానికి వచ్చాడు. ఇషా నమాజు తర్వాత ఇలా సీసాలతో వచ్చేవారు మాకు కొత్త కాదు. చదివి ఊదాను. వెళ్తూ వెళ్తూ అసలు సంగతి కొంత చెప్పాడు. రాత్రి రెండు గంటల వేళ ఉలిక్కిపడి లేస్తాడట. గొంతు ఎవరో పిసికినట్లు బిగుసుకుపోతుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం పోతున్నదనే అనిపిస్తుంది. ఇంటివారు మూడుసార్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్లారు. మూడుసార్లూ ఈసీజీ బాగానే ఉంది. నాలుగోసారి ఇంట్లో ఎవరూ లేవలేదు.

అప్పుడు నేనన్న మాట ఈనాటికీ నన్ను బాధిస్తున్నది. "నమాజులో మనసు పెట్టు, విశ్వాసం బలపడితే భయాలు పోతాయి" అన్నాను. అతడు తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత జమాఅత్‌లో ముందు వరుసలో నిలబడేవాడు కాస్తా చెప్పుల దగ్గర, ద్వారం పక్కన నిలబడసాగాడు. కొన్నాళ్లకు ఆ చోటా ఖాళీ అయింది. ఆ మధ్య ఎవరో అతడికి సాయా తగిలిందన్నారు. ఒక ఆమిల్ తావీజుల కోసం అతడి చేత కొంత సొమ్ము ఖర్చు చేయించాడు. అప్పటికే తమ్ముణ్ణి గల్ఫ్ పంపడానికి చేసిన అప్పు అతడి నెత్తిమీద ఉన్నదని నాకు తర్వాత తెలిసింది.

హిఫ్జ్ విద్యార్థుల చేత సూరా అహ్‌జాబ్ వల్లె వేయిస్తుండగా పదో ఆయతు దగ్గర నేను ఆగిపోయాను. ఎన్ని వందల సార్లు చదివించి ఉంటానో! హిజ్రీ 5వ సంవత్సరంలో, కందక యుద్ధ సమయంలో శత్రుసేనలు మదీనాను పైనుంచీ కిందినుంచీ చుట్టుముట్టినప్పటి స్థితి అక్కడ వర్ణించబడింది. చూపులు చెదరిపోయాయి, గుండెలు గొంతుల దాకా వచ్చాయి అన్నది ఆ ఆయతు భావం. అరబీలో అక్కడున్న పదం 'హనాజిర్'. అంటే గొంతులే. ఆ వెంటనే వచ్చే ఆయతు, అలా తీవ్రంగా కంపించిపోయినవారిని 'విశ్వాసులు' అనే పేరుతోనే ప్రస్తావిస్తుంది. కపటుల సంగతి దాని తర్వాత వేరుగా వస్తుంది. భయంతో గొంతు పట్టుకుపోవడాన్ని అల్లాహ్ విశ్వాస లోపంగా లెక్కించకపోతే, లెక్కించడానికి నేనెవరిని?

మరునాడు నేనే అతడి ఇంటికి వెళ్లాను. క్షమాపణ కోరాను. తర్వాత ఇద్దరం కలిసి నిజామాబాద్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరకు వెళ్లాం. ఆయన ముక్కు గుండా సన్నని గొట్టం పంపి గొంతంతా చూశారు. గడ్డ లేదు, వాపు లేదు. ఆపైన ఆయన చెప్పినది మా ఇద్దరికీ కొత్త. అన్నవాహిక పైభాగాన కండరాల కట్టు ఒకటి ఉంటుంది. మింగేటప్పుడు తెరుచుకుని, మిగతా వేళ మూసుకుని ఉండడం దాని పని. మనసు భయంలో ఉన్నప్పుడు అది మరింత బిగుస్తుంది. గొంతులో ఉండ ఉన్నట్లు తోస్తుంది. అన్నం ముద్ద వచ్చినప్పుడు తెరుచుకుంటుంది కాబట్టి తినేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఉట్టి ఉమ్మి మింగినప్పుడే ఇబ్బంది తెలుస్తుంది. దీన్ని వైద్యులు 'గ్లోబస్' అంటారు. అడ్డం ఉందేమోనని మాటిమాటికీ మింగి చూసుకోవడం, గొంతు సకిలించడం వల్ల బిగువు ఇంకా పెరుగుతుంది. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల కూడా ఇలా ఉండవచ్చునట. అందువల్ల రాత్రి ఆలస్యంగా తిని వెంటనే పడుకోవద్దన్నారు.

రాత్రివేళ వచ్చేది పానిక్ అటాక్. భయంతో శ్వాస వేగం పెరిగి, రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. చేతుల తిమ్మిరికీ, కళ్లు తిరగడానికీ అదే కారణం. సాధారణంగా పది నిమిషాల్లో అది శిఖరానికి చేరి, తర్వాత తనంత తానే దిగిపోతుంది. గాలి చాలడం లేదనిపించి మరింత గట్టిగా పీల్చడమే అందరూ చేసే పొరపాటు. చేయవలసినది వదలడం. ముక్కుతో నెమ్మదిగా పీల్చి, దానికి రెట్టింపు సమయం నోటితో వదలాలి. గోరువెచ్చని నీరు ఒక్కొక్క గుక్కా తాగాలి. దవడ, భుజాలు సడలించాలి. తర్తీల్‌తో ఖుర్ఆన్ పఠించేవారికి ఇది అలవాటైన విద్యే. ఒక్క శ్వాసలో ఆయతును నిదానంగా చదివితే ఊపిరి దానంతట అదే దీర్ఘమవుతుంది. నమాజులోనే ఇది వస్తే కూర్చుని చదవవచ్చు. నిలబడలేనివాడు కూర్చుని చదవాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి అనుమతి బుఖారీ గ్రంథంలో ఉంది.

ఇక ఇంటివారి సంగతి. మొదటి వహీ అవతరించిన రాత్రి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వణుకుతూ ఇంటికి వచ్చి తనకు దుప్పటి కప్పమన్నారు. వహీ భారాన్ని మన జబ్బులతో పోల్చడం నా ఉద్దేశం కాదు. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) గృహంలో జరిగిన క్రమాన్ని మాత్రం చూడండి. ముందు కప్పారు. భయం తగ్గేదాకా ఆగారు. జరిగినది విన్నది ఆ తర్వాతే. విన్నాక ఆమె ఆయన సద్గుణాలను ఒక్కొక్కటిగా గుర్తుచేసి ధైర్యం చెప్పారు. ఆపైన విషయం తెలిసిన వ్యక్తి, వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లారు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ముందు ప్రశ్నలు, తర్వాత నిందలు, దుప్పటి మాత్రం ఎవరూ కప్పరు.

దుఆ చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఫిరౌన్ దగ్గరకు వెళ్లమన్నప్పుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన రొమ్ము బిగుసుకుపోతుందనీ, నాలుక ఆడదనీ అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. హృదయ వైశాల్యాన్ని వేడుకున్నారు, దానితోపాటే తోడుగా అన్న హారూన్‌నూ కోరారు. రెండూ దుఆలే. చికిత్స చేయించుకోవచ్చునా అని పల్లెవాసులు అడిగితే చేయించుకోమనే దైవప్రవక్త చెప్పారు. పదో శతాబ్దంలో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహ ఆరోగ్యం, మనో ఆరోగ్యం రెండింటినీ ఒకే గ్రంథంలో చర్చించారు. మందులను ముందే దాచి ఉంచుకున్నట్లు, ధైర్యమిచ్చే ఆలోచనలను ప్రశాంతంగా ఉన్నప్పుడే సమకూర్చుకోవాలన్నది ఆయన సలహా. మన పెద్దలు ఎరిగిన ఈ విద్యను మనమే సాయా అనే ఒక్క మాటతో మూసేశాము.

అయితే ప్రతి గొంతు బిగువూ భయమే అనుకోవడం కూడా ప్రమాదం. ముద్ద కూడా దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, మూడు వారాలు దాటినా గొంతు బొంగురు పోకపోయినా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి చేతికి, దవడకు పాకినా 108కి ఫోన్ చేయాలి. అది దీర్ఘశ్వాసలతో గడిపే సమయం కాదు. పసుపు ధూళి విషయానికొస్తే, దానికి దగ్గు, కఫం ఉంటాయి. పని వదిలి నాలుగు రోజులుంటే తగ్గుతుంది. డ్రమ్ము దగ్గర మాస్కు మాత్రం తప్పనిసరి. మనసు భయాల గురించి ఇంట్లో చెప్పుకోలేనివారికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది.

ఆ సోదరుణ్ణి గొంతు వైద్యుడే మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు. మాత్రలు, మాటలు రెండూ సాగుతున్నాయి. అప్పు సంగతి జమాఅత్‌లోని ఇద్దరు పెద్దలు ఇచ్చినవారితో కూర్చుని మాట్లాడి వాయిదాలు వేయించారు. చింత నుంచీ, దుఃఖం నుంచీ శరణు కోరే దుఆలోనే అప్పుల భారం నుంచి కూడా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శరణు కోరారని అతడికి చెప్పినప్పుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

ఇప్పుడతడు మూడో వరుసలో, స్తంభం పక్కన నిలబడుతున్నాడు. నీళ్ల సీసా ఇంకా తెస్తూనే ఉన్నాడు. నేనూ చదివి ఊదుతూనే ఉన్నాను. కాకపోతే ఊదే ముందు, రాత్రి మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నాను.