నిర్మాత లేని ధ్వనియంత్రం

మేలురకపు లౌడ్‌స్పీకర్‌ను కొన్నవాడు వస్తువునే గాక, దానిని నిర్మించినవారి విద్యను కూడా ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ నిర్మాత కనుమరుగైతే? అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ నగరంలో 1977లో నెలకొన్న థీల్ ఆడియో సంస్థ ఇందుకు ఉదాహరణ.

మంద్ర, మధ్య, తార ధ్వనులు ఒకే క్షణాన శ్రోత చెవిని చేరాలన్నది జిమ్ థీల్ మూలసూత్రం. అందుకై స్పీకరు ముందు పలకను వెనుకకు వాల్చారు. స్వరాలను విభజించే క్రాసోవర్‌ను ఒక్కొక్క స్థాయికి 6 డెసిబెల్‌ల చొప్పున మాత్రమే ధ్వని తగ్గేటట్లు కూర్చారు. ఇంత మృదువైన విభజనలో, ధ్వనిని పుట్టించే ప్రతి డ్రైవరూ తన పరిధికి ఆవల కూడా చక్కగా పలకవలసి ఉంటుంది. కనుక పెక్కు డ్రైవర్లను సంస్థ స్వయంగా రూపొందించుకొన్నది.

థీల్ 2009లో మరణించారు. 2012లో సంస్థ చేతులు మారింది, 2018లో మూతపడింది. నేడు డ్రైవరులోని తీగచుట్ట కాలిపోతే, బజారులో దొరికే వేరొకటి బిగించినా ఆ పొందిక నిలువదు. పాతదానినే బాగుచేయించుకోవాలి. ధ్వని బొంగురుపోగానే ఆంప్లిఫయరు తగ్గించాలి. క్రాసోవర్ భాగాల విలువలను ముందుగానే వ్రాసిపెట్టుకోవాలి.

విద్యార్థి మిత్రులు గమనించవలసినది ఇదే: నేర్పు కాగితం మీదికి ఎక్కకపోతే, అది పనివానితోనే పోతుంది.