కత్తి పీకొద్దు... గాయం నొక్కండి!

2021 ఆగస్టు 15. గుంటూరు కాకాని రోడ్డులో ఓ బీటెక్ విద్యార్థినిని పట్టపగలు ఒక యువకుడు కత్తితో పొడిచి చంపాడు. అదంతా సీసీ కెమెరాకు చిక్కింది. తొమ్మిది నెలలు నిండకముందే, 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. కోర్టు తన పని చేసింది సరే, ఆ వీడియో చూసినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒకటే అంటారు: ‘ఒక్కడైనా అడ్డుపడలేదే!’

ఉక్రోషం న్యాయమైనదే. కానీ కత్తి పట్టినవాడి మీదికి ఒట్టి చేతులతో ఒక్కడే దూకితే నేలకొరిగేది ఇద్దరు. మన సినిమాలు ఆ దూకడం ఒక్కటే నేర్పాయి. దూకడానికీ, ఫోన్ తీసి వీడియో పట్టడానికీ మధ్య చేయగలిగిన పనులు బోలెడున్నాయి.

మొదట అరవాలి, అందరూ కలిసి. ఆటోవాళ్లు హారన్ ఆపకుండా కొట్టాలి. దగ్గర్లో కొట్టుంటే అమ్మాయిని లోపలికి లాగి షట్టర్ దించేయాలి. తప్పక ఎదురెళ్లాల్సి వస్తే నలుగురు కలిసి, కాళ్లు ముందుకు పెట్టిన కుర్చీలతో వెళ్లాలి. కారం చల్లమని సలహా ఇచ్చే పెద్దమనుషులుంటారు. గాలి మనవైపు తిరిగితే గతేమిటో వాళ్లు చెప్పరు. ఇక కేసుల భయం. సాటి మనిషి ప్రాణం కాపాడటానికి అవసరమైనంత మేర బలం వాడే హక్కు భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్‌లోనే ఉంది.

‘ఎవరైనా ఫోన్ చేయండి’ అంటే ఎవరూ చేయరు. ‘నీలం చొక్కా అన్నా, నువ్వు 112 కొట్టు’ అని వేలు చూపించి చెప్పాలి. లైన్ కలవగానే ముందు చెప్పాల్సింది చోటు: ఏ ఊరు, ఏ వీధి, ఏ గుడి ఎదురుగా. కథంతా తర్వాత.

దాడిచేసినవాడు పారిపోయాక అసలు గడియ మొదలవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు; 108 అంతలోపు రాలేకపోవచ్చు. హీరో ఒంట్లో దిగిన కత్తిని తనే పీకి విసిరేయడం తెరమీద బాగుంటుంది. నిజానికి ఆ కత్తే రక్తానికి అడ్డుకట్ట. దాన్ని కదలనివ్వకుండా చుట్టూ గుడ్డలు పేర్చి పట్టుకోవాలి. చేతిమీదో తొడమీదో కత్తి లేని గాయమైతే చున్నీనో తువ్వాలునో మడతపెట్టి, అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కాలి. నొప్పికి అరుస్తారు, అయినా వదలొద్దు. గుడ్డ తడిస్తే తీయకుండా మీద ఇంకోటి వేయాలి. ఆగిందా అని ఎత్తి చూడటమే చాలామంది చేసే పొరపాటు. తాగడానికి నీళ్లు పట్టొద్దు.

యాసిడ్ దాడైతే మాత్రం నీళ్లే మందు. తడిసిన బట్టలు తీసేసి కనీసం 20 నిమిషాలు ధారగా పోయాలి. రుద్దొద్దు, పసుపూ వెన్నా పూయొద్దు.

‘పోలీసు కేసు, చేర్చుకోం’ అని ఆసుపత్రి అంటే ఒప్పుకోనక్కర్లేదు. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. యాసిడ్, అత్యాచార బాధితులకు ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే.

అత్యాచారం జరిగినప్పుడు ‘ముందు స్నానం చేయించండి’ అంటుంది ఇంట్లో పెద్దావిడ, ప్రేమతోనే. వైద్య పరీక్ష అయ్యేదాకా ఆ పని వద్దు. బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలి; ప్లాస్టిక్‌లో చెమ్మకు ఆధారాలు పాడవుతాయి. స్నానం అయిపోయిందా? అయినా వెళ్లాల్సిందే. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఘటన ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయించవచ్చు. స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లలేకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం దారి చూపిస్తుంది.