గప్పీ రంగుల్లో తల్లి వాటా

గప్పీ చేపలు కొనేవాళ్ల చూపంతా మగచేప తోక మీదే ఉంటుంది. ఆడచేప ఒంటికి పెద్ద రంగేమీ ఉండదు కాబట్టి చేతికందిన దాన్ని జతచేసి పట్టుకుపోతారు. రెండో తరానికల్లా రంగులు కలగాపులగమై, తోకలు చిన్నబోయి, పెంపకం మీదే విసుగు పుడుతుంది. తప్పు నీటిదీ కాదు, మేతదీ కాదు. రంగుల లెక్కలో తల్లి వాటాను వదిలేయడమే అసలు కారణం.

గప్పీ పుట్టిల్లు దక్షిణ అమెరికా ఈశాన్య భాగం, దానిని ఆనుకుని ఉన్న ట్రినిడాడ్ దీవి. వెనెజువెలాలో దొరికిన చేపలను చూసి జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పీటర్స్ 1859లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అయినా, 1866లో ట్రినిడాడ్ నుంచి బ్రిటిష్ మ్యూజియానికి ఈ చేపలు పంపిన రాబర్ట్ గప్పీ పేరే జనం నోట నిలిచింది.

రంగుల గుట్టు మొదట తెలిసింది డెన్మార్క్‌లో. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో జొహానెస్ ష్మిట్ మగ గప్పీ వీపు రెక్క మీది ఒక నల్లమచ్చను తరతరాలుగా గమనించాడు. అది తండ్రి నుంచి కొడుకులందరికీ వస్తోంది, కూతుళ్ల ద్వారా మాత్రం ముందుకు సాగడం లేదు. ఆ మచ్చ జన్యువు మగవాటికే ఉండే వై క్రోమోజోము మీద ఉందన్నమాట. ఈ ఫలితం 1920లో వెలువడింది. ఆ తర్వాత అక్కడే ఓయ్‌విన్ వింగె పని ఇంకా ముందుకు తీసుకెళ్లి, ఎక్స్ క్రోమోజోము మీద కూడా రంగు జన్యువులున్నాయనీ, అప్పుడప్పుడు ఒక జన్యువు ఎక్స్ నుంచి వైకి, వై నుంచి ఎక్స్‌కి మారుతుందనీ చూపించాడు.

తల్లి పాత్ర తెలిసేది ఇక్కడే. కొడుకుకు వై తండ్రి నుంచి, ఎక్స్ తల్లి నుంచి వస్తాయి. తల్లి ఎక్స్ మీద తోక రంగు జన్యువు ఉన్నా ఆమె ఒంటి మీద అది సాధారణంగా పైకి తేలదు, ఎందుకంటే ఈ రంగుల్లో చాలావాటికి మగ హార్మోను కావాలి. ఆ జన్యువు కొడుకులో ఒక్కసారిగా బయటపడుతుంది. అలాగే తండ్రి ఎక్స్ మీది రంగు కొడుకులకు అందదు. కూతుళ్లలో దాగి ఉండి, వాళ్ల కొడుకుల్లో సగంమందికి తాత పోలికగా తేలుతుంది. అందుకే ఆడచేపను కొనేటప్పుడు దాని అన్నదమ్ములెలా ఉన్నారో చూడాలి. ఒకే ట్యాంకులో పెరిగిన ఒకే రకం జతను అడిగి తీసుకోవడం అన్నిటికన్నా మేలు. ఒంటినిండా రంగులున్న ఆడచేపను చూసి మురిసిపోకండి. హార్మోను తినిపించి అలా చేసిన చేపలూ ఉంటాయి, వాటికి పిల్లలు పుట్టడం కష్టం.

ఒంటి అడుగు రంగు సంగతి వేరు. గప్పీకి ఉన్న 23 జతల క్రోమోజోముల్లో లింగంతో సంబంధం లేనివి దాన్ని నడిపిస్తాయి. మామూలు బూడిద రంగు చేపను లేత పసుపు 'బ్లాండ్' చేపతో కలిపితే పిల్లలన్నీ బూడిదే. చాలామంది ఇక్కడే నిరాశపడి ఆ పిల్లలను ఎవరికో ఇచ్చేస్తారు. ఆ తొందర వద్దు. ఆ పిల్లల్నే జతకడితే తర్వాతి తరంలో దాదాపు నాలుగింట ఒకటి బ్లాండ్ అవుతుంది.

అయితే ఈ లెక్కలన్నీ తండ్రి ఎవరో కచ్చితంగా తెలిసినప్పుడే నిలుస్తాయి. ఆడ గప్పీ ఒక్కసారి జతకడితే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని, సుమారు నాలుగు వారాలకొకసారి పిల్లలు పెడుతూనే ఉంటుంది. మగచేపలతో కలిసి పెరిగిన ఆడచేపను కొత్త మగచేపతో ఉంచినా పుట్టే పిల్లలు పాతవాడి సంతానం కావచ్చు. కాబట్టి మూడు నాలుగు వారాల వయసు నుంచే పిల్లలను రోజూ పరిశీలించాలి. పొట్ట వెనక కిందివైపు రెక్క సన్నగా, కోసుగా మారడం మొదలైతే మగది. ఆ రెక్క విసనకర్రలా ఉండి, దాని దగ్గర పొట్ట మీద ముదురు మచ్చ కనిపిస్తే ఆడది. గుర్తుపట్టిన రోజే వేరుచేయండి.

మేతకూ కొంత వాటా ఉంది. నారింజ మచ్చల్లోని కెరోటినాయిడ్లను చేప తనంతట తాను తయారుచేసుకోలేదు, వాగుల్లోనైతే నాచు నుంచి తీసుకుంటుంది. కానీ జన్యువు లేని రంగును ఏ మేతా తేలేదు.

అసలు మగచేపకు ఇన్ని రంగులు ఎందుకు? ట్రినిడాడ్ వాగుల్లో జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ దీన్ని చక్కగా తేల్చాడు. వేటాడే పెద్ద చేపలున్న అరీపో నది నుంచి 1976లో గప్పీలను తీసి, అలాంటి చేపలు లేని పాయలో వదిలాడు. రెండేళ్లు నిండకముందే వాటి సంతానంలో మచ్చలు పెరిగాయి, రంగులు హెచ్చాయి. శత్రువు కన్ను రంగును అణచివేస్తే ఆడచేప ఇష్టం దాన్ని పైకి లాగుతుంది. మన ట్యాంకులో ఆ ఎంపిక మన చేతికి వచ్చింది.

పిల్లలు ఎక్కువైతే తోటి పెంపకందారులకు ఇవ్వండి, లేదా దుకాణానికే తిరిగి ఇవ్వండి. చెరువులో, వాగులో మాత్రం వదలకండి. వీర్యాన్ని దాచుకున్న ఒక్క ఆడచేప చాలు, మగతోడు లేకుండానే అక్కడ కొత్త సంతతిని మొదలుపెట్టడానికి.