గ్రేడులు ఇళ్లకా, మనుషులకా?

టెక్సస్‌లో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు గత నెల ఫోన్ చేశాడు. నలుగురు తెలుగు మిత్రులు కలిసి అక్కడ అద్దెకిచ్చేందుకు ఒక ఇల్లు కొంటున్నారట, నన్నూ ఒక వాటా తీసుకోమన్నాడు. ‘‘బి క్లాస్ ఏరియా సార్, భయం లేదు. డి జోలికి మనం పోం’’ అని భరోసా ఇచ్చాడు. నివాసుల ఆదాయం, బడులు, నేరాలు, ఇళ్ల వయసు చూసి మదుపరులు పేటలకు వేసుకునే మార్కులివి. ఏ ప్రభుత్వమూ ఇచ్చినవి కావు. అయితే ఒకప్పుడు ప్రభుత్వమే ఇవే అక్షరాలతో పేటలను విభజించింది.

మహా మాంద్యంలో ఇళ్లు కోల్పోతున్నవారిని ఆదుకోవడానికి 1933లో అమెరికా ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ను నెలకొల్పింది. 1935–40 మధ్య ఆ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. ‘ఏ’ ఆకుపచ్చ, ‘బి’ నీలం, ‘సి’ పసుపు, ‘డి’ ఎరుపు. ఎరుపంటే ‘ప్రమాదకరం’. మదింపు పత్రంలో ఇళ్ల స్థితిగతులతో పాటు నల్లవారు ఉన్నారా, ఎంత శాతం అన్న గడి కూడా ఉండేది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ మరో అడుగు ముందుకు వేసింది. పరజాతివారు నివసించకుండా దస్తావేజుల్లోనే షరతులు రాసుకోవాలని 1938 నాటి దాని నియమావళి సిఫారసు చేసింది. అప్పు పుట్టని పేట శిథిలమవుతుంది. ఆ శైథిల్యాన్నే చూపి మళ్లీ అప్పు నిరాకరిస్తారు.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, గృహ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. పటం మాత్రం చెరగలేదు. నాడు ‘డి’ పడిన ప్రాంతాల్లో 74 శాతం నేటికీ అల్ప, మధ్యస్థాయి లోపు ఆదాయాల పేటలేనని నేషనల్ కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ కొయిలిషన్ 2018లో తేల్చింది. నేటి మదుపరి జాతిని అడగడు, ఆదాయాన్నీ బడినీ అడుగుతాడు. కానీ అక్కడ బడి నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. పాత అన్యాయమే కొత్త అంకెగా తిరిగివస్తుంది.

ఈ తర్కం నాకు కొత్త కాదు. మా ఊళ్లో కాలువకు ఇవతల ఊరు, అవతల మాదిగవాడ. తారు రోడ్డు, వీధి దీపం, మంచినీటి కుళాయి ఊళ్లోనే ఆగిపోయేవి. ఆపై వాడ అపరిశుభ్రమని ఊరే తీర్పు చెప్పేది. పట్నంలో ఈ గీత ఉండదనుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక ఇంటి యజమాని నా చదువు, జీతం విని సంతోషించి, చివరగా ‘‘ఇంతకూ మీరేవిట్లు?’’ అని అడిగారు. చెప్పాను. ‘‘మా ఇంట్లో పూజలెక్కువండీ, ఏమీ అనుకోవద్దు’’ అన్నారు. అడ్వాన్స్ డబ్బు జేబులోనే ఉండిపోయింది.

కొలంబియాలో చదివి 1917లో బరోడాకు ఉద్యోగానికి వెళ్లిన అంబేడ్కర్ పార్సీ పేరుతో సత్రంలో తలదాచుకోవలసివచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. శతాబ్దం తరువాత కర్ర పోయి ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు వచ్చింది.

చట్టం లేక కాదు. ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికీ, పొందడానికీ, అందులో నివసించడానికీ అస్పృశ్యత పేరిట అడ్డుపడటం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 కింద నేరమే. కానీ ‘పూజలెక్కువ’ అన్న మాటను ఏ పోలీస్ స్టేషన్‌లో రుజువు చేయగలం? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ వివక్షను ప్రస్తావించనే లేదు. అమెరికాలోని సియాటిల్ నగరం మాత్రం 2023లో కులవివక్షను నిషేధిస్తూ నివాసాన్నీ అందులో చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిరస్కరించారు. తెలుగు రాష్ట్రాలు తమ అద్దె చట్టాల్లో కులాన్ని పేరు పెట్టి నిషేధించాలి. ఇల్లు నిరాకరించిన యజమాని కారణాన్ని లిఖితపూర్వకంగా చెప్పే బాధ్యతను కూడా చేర్చాలి.

ఇల్లు కొన్నాక అందులో ఎవరిని ఉంచుతారని నా విద్యార్థిని అడిగాను. ‘‘మనవాళ్లయితే బాగుంటుందని మిత్రుల అభిప్రాయం సార్’’ అన్నాడు. ‘‘మనవాళ్లంటే?’’ అన్నాను. చాలాసేపు మౌనం. నా తరగతిలో కులం మీద మంచి వ్యాసం రాసి ఏ గ్రేడు తెచ్చుకున్నవాడతను. ఆ ప్రశ్నకు జవాబు వచ్చాకే వాటా సంగతి మాట్లాడదామన్నాను. ఇంకా ఫోన్ రాలేదు.