వెస్ట్‌ఫాలియా సంధి

క్రీ.శ. 1618 మే 23వ తేదీన ప్రేగ్ దుర్గంలో ప్రొటెస్టెంటు ప్రభువులు, చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వారి లేఖకునీ గవాక్షం నుండి క్రిందికి త్రోసివేశారు. ఆశ్చర్యకరంగా ముగ్గురూ బ్రతికి బయటపడ్డారు. కాని ఆ ఘటనతో రగిలిన యుద్ధంలో లక్షలాది జనం నశించారు. చరిత్రలో అది ‘ముప్ఫై సంవత్సరాల యుద్ధం’గా ప్రసిద్ధికెక్కింది.

ఈ వైరానికి బీజం పూర్వపు సంధిలోనే ఉన్నది. 1555లో ఆగ్స్‌బర్గ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో రాజు ఏ మతశాఖను అవలంబిస్తే ప్రజలదీ అదే శాఖ. ఇష్టం లేనివారు దేశం విడిచి పోవలసిందే. ఆ ఏర్పాటైనా కాథలిక్కులకూ, లూథర్ అనుయాయులకూ మాత్రమే. కాల్విన్ అనుయాయులకు అందులో చోటు లేదు. 1552 తరువాత ప్రొటెస్టెంట్ల వశమైన మఠాల ఆస్తులను తిరిగి అప్పగించవలసిందని రెండవ ఫెర్డినాండ్ చక్రవర్తి 1629లో శాసించడం అగ్నిలో ఆజ్యం పోసినట్లయింది. మరుసటి ఏడు స్వీడన్ రంగప్రవేశం చేసింది. 1631లో మాగ్డెబర్గ్ నగరంలోనే సుమారు 20,000 మంది హతులయ్యారు. 1635లో కాథలిక్ దేశమైన ఫ్రాన్సు ప్రొటెస్టెంట్ల పక్షాన నిలిచిందంటే, మతం మాటున రాజ్యకాంక్ష ఎంతగా పనిచేసిందో ఊహించవచ్చు.

సంధి చర్చలకు వెస్ట్‌ఫాలియాలోని మున్‌స్టర్, ఓస్నాబ్రూక్ అనే రెండు పట్టణాలు అవసరమయ్యాయి. పోపు ప్రతినిధి ప్రొటెస్టెంట్లతో కలిసి కూర్చోడు మరి! చర్చలు సాగుతున్నా యుద్ధం ఆగలేదు. రణరంగంలోని జయాపజయాలను బట్టి రాయబారుల స్వరం మారుతూ వచ్చింది. తుదకు 1648 అక్టోబర్ 24న సంతకాలు జరిగే వేళకు స్వీడన్ సేనలు ప్రేగ్‌నే, అనగా యుద్ధం పుట్టిన చోటనే, ముట్టడించి ఉన్నాయి.

సంధికర్తల వివేకం ఒక తేదీలో కనిపిస్తుంది. ఏ శాఖ సత్యమైనదన్న వివాదం జోలికి వారు పోలేదు. 1624 జనవరి 1వ తేదీన ఏ ఆలయం ఎవరి అధీనంలో ఉన్నదో, ఎక్కడ ఏ ఆరాధన జరిగిందో అదే ప్రమాణమన్నారు. దీనితో రాజు మతం మారినా ప్రజలు మారనక్కరలేకపోయింది. కాల్విన్ అనుయాయులకు గుర్తింపు లభించింది. సామ్రాజ్య సభలో మతవిషయాలను అధిక సంఖ్యాకుల ఓటుతో నిర్ణయించరాదనీ, ఇరుపక్షాలూ విడివిడిగా సమావేశమై సామరస్యంతో పరిష్కరించుకోవాలనీ నిబంధన చేశారు. ఓస్నాబ్రూక్‌లో ఒకసారి కాథలిక్, మరొకసారి లూథరన్ బిషప్ వంతులవారీగా పాలించే విచిత్రమైన ఏర్పాటు కూడా జరిగింది.

ఇది సంపూర్ణ మతస్వేచ్ఛ కాదు. హాబ్స్‌బర్గ్ వంశీయుల సొంత రాజ్యాలలో ప్రొటెస్టెంట్లకు ఈ రక్షణ చాలావరకు దక్కలేదు. ఫ్రాన్సు, స్పెయిన్‌ల పోరు 1659 వరకు సాగింది. పోపు పదవ ఇన్నోసెంట్ సంధిలోని మత నిబంధనలు చెల్లవని ప్రకటించాడు. అయితే అటువంటి ఆక్షేపణలేవీ చెల్లవని సంధిపత్రంలో ముందే వ్రాసుకున్నారు!

సంతకాలైనంత మాత్రాన సైనికులు ఇళ్లకు పోలేదు. వారికి జీతాలు ముట్టాలి కదా! స్వీడన్ సేనల విసర్జనకు 50 లక్షల థేలర్ల నాణేలు చెల్లించవలసి వచ్చింది. ఆ ధనం సమకూర్చడానికీ, కోటలు ఖాళీ చేయించడానికీ న్యూరెంబర్గ్‌లో 1650 వరకు మళ్లీ చర్చలు నడిచాయి. వెఖ్టా పట్టణాన్ని స్వీడన్ దళం 1654లో గాని విడిచిపోలేదు.