ఆడుకునే వయసులో ఆడుకోనిద్దాం

మొన్న వేసవి సెలవుల్లో ఒక తల్లి పన్నెండేళ్ల కూతుర్ని మా ఓపీకి తీసుకొచ్చారు. "సిస్టరుగారూ, మెట్లెక్కితే ఆయాసపడుతోందండీ. గుండె జబ్బేమో చూడండి" అన్నారు. డాక్టరుగారు పరీక్షించి ఈసీజీ, ఎకో తీయించారు. గుండెలో ఏ లోపమూ లేదు. రక్తం కూడా బాగానే ఉంది.

మేము ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే సంగతి తెలిసింది. బడిలో ఖోఖో బాగా ఆడే పిల్ల. పెద్దమనిషి అయిన దగ్గర్నుంచి ఇంట్లో ఆటలు మాన్పించారు. ఆటోలో బడికి, అక్కడి నుంచి ట్యూషన్‌కి, ఇంటికొస్తే సెల్‌ఫోన్. ఏడాదిగా ఇదే వరస.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెల్లడించిన వివరాల ప్రకారం 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. బాలురలో ఇది 78 శాతం, బాలికల్లో 85 శాతం.

"గుండెపోటు పెద్దవాళ్లకు కదా వచ్చేది?" అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ దానికి పునాది చిన్నప్పుడే పడుతుంది. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను వైద్యులు పరీక్షించి, 1953లో ఫలితాలు ప్రకటించారు. వారి సగటు వయసు 22 ఏళ్లే. అయినా 77 శాతం మందికి గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి.

ఆటలాడే బిడ్డ గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. రక్తపోటు, బరువు, చక్కెర అదుపులో ఉంటాయి.

ఎంత ఆడాలి?
* రోజుకు సగటున 60 నిమిషాలు. ఒకేసారి కానక్కరలేదు. బడికి నడక, సాయంత్రం ఆట కలిపి లెక్కవేయండి.
* మాట్లాడగలిగి, పాట పాడలేనంతగా ఊపిరి వేగం పెరగాలి.
* వారంలో కనీసం మూడు రోజులు కబడ్డీ, పరుగు, తాడాట వంటి గట్టి ఆటలు ఉండాలి.
* అలవాటు తప్పిన పిల్లలు 15 నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం పెంచుకోవాలి.

బహిష్టు రోజుల్లో ఆడకూడదన్న నియమం వైద్యంలో లేదు. ఓపిక ఉంటే ఆడవచ్చు, నొప్పి ఉంటే విశ్రాంతి తీసుకోవచ్చు.

పదమూడేళ్లు దాటిన పిల్లలకు రక్తపోటు 120/80 లోపు ఉండాలి. అంతకంటే చిన్నవాళ్లకు వయసు, ఎత్తు చూసి నిర్ణయిస్తారు. చేతికి తగిన సైజు పట్టీతోనే చూడాలి. పట్టీ చిన్నదైతే రీడింగు ఎక్కువ చూపుతుంది.

ఆడేటప్పుడు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గొంతునొప్పి తగ్గాక కీళ్లు వాచినా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించినా ముందు డాక్టరుకు చూపించండి. ఆట ఆ తర్వాతే.

ఆ పాప మూడు నెలల తర్వాత వచ్చింది. పై అంతస్తు మెట్లు తల్లికంటే ముందు ఎక్కేసింది. "నాకే ఆయాసం వస్తోందండీ" అని ఆ తల్లి నవ్వారు. "అయితే మీరూ సాయంత్రం పాపతో నడవండమ్మా" అన్నాము.

ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ పిల్లల్ని కూడా తీసుకురండి. రక్తపోటు చూడడానికి ఐదు నిమిషాలు చాలు.