పాచికల మీద బేస్‌బాల్: గెలిచినవారే మేటివారా?

మైదానములో కాళ్లతో, చేతులతో ఆడు ఆటలు కొన్ని. ఇంట కూర్చుండి గవ్వలతో, కార్డులతో ఆడునవి కొన్ని. ఈ రెండింటికిని నడుమ మూడవ తెగ ఒకటి కలదు. మైదానములో ఇతరులు ఆడిన ఆటను, వారి లెక్కల సాయముతో, ఇంటిలోని బల్లమీద మరల ఆడించుట దీని లక్షణము. అమెరికాలో 1930 ప్రాంతమునుండి పెరుగుచు వచ్చిన కార్డుల బేస్‌బాల్ అట్టిది. అచ్చట ఈ ఆట మరిగినవారు పదిమంది కలిసి ఒక లీగుగా ఏర్పడుదురు. ఏడాది పొడవున జట్లను ఆడించి, చివరకు ప్లేఆఫ్ అనబడు తుదిపోటీలు జరిపి, నిజమైన ఆటల ఫలితములవలెనే వాటి ఫలితములను ప్రకటించుకొందురు. ఒక జట్టుకు నాలుగు ఆటలు, ఎదుటి జట్టుకు మూడు. ప్రకటనలో ఉండునది ఇంతియే. కాని ఈ రెండంకెలను సరిగా చదువ నేర్చినచో, క్రికెట్, కబడ్డీ పోటీల ఫలితములను ఆసక్తితో వినునట్టి మనవంటి వారికి అది ఎంతయో ఉపకరించును.

బేస్‌బాల్ మన ఊళ్లలో అంతగా పరిచయము లేని ఆట. క్రికెట్ ఎరిగినవారికి దానిని నాలుగు మాటలలో చెప్పవచ్చును. బంతి విసరువాడు పిచర్, కొట్టువాడు బ్యాటర్. చతురస్రముగా నాలుగు మూలల నాలుగు బేసులుండును. బంతిని కొట్టినవాడు వరుసగా మూడు బేసులను తాకి, బయలుదేరిన చోటికి తిరిగివచ్చినచో ఒక పరుగు. జట్టునకు తొమ్మండుగురు. ముగ్గురు ఔటైనంతనే ఆ జట్టు వంతు ముగియును. ఒక్కొక్క జట్టుకు ఇట్టి వంతులు తొమ్మిది. బంతి సరిహద్దు గోడను దాటిపోవునట్లు కొట్టినచో అది హోమ్ రన్. మన సిక్సరు వంటిది.

ఈ ఆటను కార్డులలోనికి దింపినవారిలో ముగ్గురు ముఖ్యులు. క్లిఫర్డ్ వాన్ బీక్ 1930 ప్రాంతమున 'నేషనల్ పాస్‌టైమ్' అను ఆటను రూపొందించెను. 1951లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని లాంకాస్టర్ నుండి రిచర్డ్ సైట్జ్ 'అప్బా' అను ఆటను అమ్మకమునకు పెట్టెను. న్యూయార్కు సమీపమున పెరిగిన హాల్ రిచ్‌మన్, పదకొండేండ్ల బాలుడుగా ఉన్ననాటినుండి పాచికలతో కుస్తీపట్టి, 1961లో 'స్ట్రాట్-ఓ-మాటిక్' అను దానిని వెలువరించెను.

మన పాఠశాలలలో పిల్లలాడు బుక్ క్రికెట్‌ను స్మరించినచో వీరి పని ఎట్టిదో సులభముగా బోధపడును. పిల్లలు పుస్తకమును చూడకుండ తెరచి, ఎడమవైపు పుటసంఖ్యలోని చివరి అంకెను చూచెదరు. 0 వచ్చిన ఔటు. 2, 4, 6 వచ్చిన అన్ని పరుగులు. 8 వచ్చిన పరుగు లేదని కొందరి ఒప్పందము. ఈ ఒప్పందము ప్రకారము ప్రతి ఆటగాడును సగటున 12 పరుగులు చేయును; పదిమంది ఔటగునప్పటికి జట్టు మొత్తము సుమారు 120. కాగితముమీద వి.వి.ఎస్. లక్ష్మణ్ పేరు వ్రాసినను, భాగవత్ చంద్రశేఖర్ పేరు వ్రాసినను పుస్తకమునకు ఆ భేదము తెలియదు. నిజమునకు టెస్టు ఆటలలో లక్ష్మణ్ సగటు 45.97 పరుగులు. 242 వికెట్లు తీసిన మహా బౌలరైన చంద్రశేఖర్ బ్యాటుతో చేసినవి మొత్తము 167 పరుగులే. ఆయన సగటు 4.07. బుక్ క్రికెట్‌లో ఉన్నది అదృష్టమొక్కటే. అందులో ఆటగాని యోగ్యతను చేర్చినచో కార్డుల ఆట అగును.

అది చేర్చు విధము ఇట్టిది. స్ట్రాట్-ఓ-మాటిక్‌లో ప్రతి ఆటగానికిని ఒక కార్డు ఉండును. దానిమీద మూడు నిలువు వరుసలు. బ్యాటర్ కార్డు వరుసలకు 1, 2, 3 అనియు, పిచర్ కార్డు వరుసలకు 4, 5, 6 అనియు సంఖ్యలు. మూడు పాచికలు వేయుదురు. అందులో రంగు వేరైన పాచిక ఏ కార్డును, ఏ వరుసను చూడవలయునో చెప్పును. తక్కిన రెండు పాచికల మొత్తము, అనగా 2 మొదలు 12 వరకు గల సంఖ్య, ఆ వరుసలో ఏ పంక్తిని చదువవలయునో చెప్పును. ఆ పంక్తిలో ఔటు అనియో, హోమ్ రన్ అనియో వ్రాసియుండును. కనుక సగము ఫలితములు కొట్టువాని కార్డునుండియు, సగము విసరువాని కార్డునుండియు వచ్చును.

ఇందులో ఒక సూక్ష్మము కలదు. రెండు పాచికలు 36 విధములుగా పడవచ్చును. 7 వచ్చు విధములు 6. 2 గాని, 12 గాని వచ్చు విధము ఒక్కొక్కటే. అష్టాచెమ్మ ఆడినవారికి ఇది అనుభవములో ఉన్నదే. నాలుగు గవ్వలు ఇరువైపులకును సమానముగా పడునవైనచో, 16 విధములలో రెండు వెల్లకిల పడునవి 6. అన్నియు వెల్లకిల పడి చెమ్మ వచ్చునది ఒకటి. అన్నియు బోర్లపడి అష్ట వచ్చునది ఒకటి. కావుననే అష్ట పడినప్పుడు ఇంటిల్లిపాదియు కేక వేయుదురు. కార్డు వ్రాయువాడు ఈ లెక్కను చేతబట్టుకొని, గొప్ప ఆటగాని హోమ్ రన్నులను తరచుగా వచ్చు సంఖ్యల యెదుటను, సామాన్యునివి అరుదుగా వచ్చు సంఖ్యల యెదుటను ఉంచును. ఒక మనిషి ఏడాది పొడవున చేసిన పని ఈ విధముగా ఒక చిన్న అట్టముక్క మీదికి ఎక్కును. 162 ఆటల సంవత్సరమునంతను ఆడించినచో, బల్లమీది లెక్క మైదానపు లెక్కకు చాలవరకు దగ్గరగా వచ్చును.

2020లో కోవిడ్ వలన అమెరికాలో బేస్‌బాల్ ఆటలు వాయిదాపడినప్పుడు, స్ట్రాట్-ఓ-మాటిక్ సంస్థ ఆ సంవత్సరపు ఆటలను ఏనాటికానాడు కంప్యూటర్ మీద ఆడించి ఫలితములను వెలువరించెను. మైదానములు మూతపడి యుండగా, ఆ అంకెలే కొందరికి ఊరట కలిగించెను.

ఇక తుదిపోటీల సంగతి. ఏడాది పోటీలో నిజమునకు దగ్గరగా నిలచిన కార్డులు తుదిపోటీలో ఎందుకు తలక్రిందులగును? మేటి జట్టు కార్డులు మారలేదు, పాచికలును మారలేదు. మారినది ఆటల సంఖ్య.

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లానుండి వేరుపడి జిల్లాలైన వానిలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అను మూడింటి పేర్లతో మూడు జట్లను ఊహింతము. జనగామ తక్కిన రెండింటికన్న కొంచెము మెరుగైనదనుకొందము. భూపాలపల్లివారును, మహబూబాబాదువారును ఇందుకు కినుక వహింపరాదు. ఇది కేవలము ఉదాహరణ. ఒక చెంబులో 20 చీటీలు వేయవలెను. 11 చీటీలమీద జనగామ పేరు, 9 చీటీలమీద మహబూబాబాదు పేరు వ్రాయవలెను. ఒక చీటీ తీసి చూచిన ఒక ఆట ముగిసినట్లు. తీసిన చీటీని మరల వేసి, కలిపి, వేరొకటి తీయవలెను. మొదట నాలుగు ఆటలు గెలిచినవారిది పోటీ.

జనగామ నూటికి 55 ఆటలు గెలువదగిన జట్టు. అయినను ఇట్టి ఏడాటల పోటీలలో అది గెలుచునవి నూటికి సుమారు 61 మాత్రమే. తక్కిన 39 మహబూబాబాదువి. మూడాటల పోటీయైనచో జనగామకు దక్కునవి 57 లేక 58. అదే 162 ఆటలు ఆడించినచో, జనగామ ముందు నిలుచుట పదింట దాదాపు తొమ్మిది పర్యాయములు. ఇప్పుడు మహబూబాబాదును గెలిచిన జనగామ, అదే లెక్కన భూపాలపల్లితో ఏడాటల తుదిపోరు ఆడవలయునందము. రెండు పోటీలును గెలిచి కప్పు నెత్తుట నూటికి సుమారు 37 పర్యాయములే. అనగా మూడింటిలో మేటి జట్టు అని మనమే చీటీలమీద వ్రాసి పెట్టిన జట్టు, నూటికి 63 మారులు కప్పు లేకుండ ఇంటికి పోవును. ఇందులో ఎవరి తప్పును లేదు; ఎవరి కుట్రయు లేదు.

బల్లమీద జరిగినదే మైదానములోను జరుగును. 1906లో చికాగో కబ్స్ జట్టు 116 ఆటలు గెలిచి, ఆ నగరమునకే చెందిన వైట్ సాక్స్ చేతిలో తుదిపోటీ ఓడెను. 2001లో సియాటిల్ జట్టు మరల 116 ఆటలు గెలిచి, తుది సమరమునకు చేరకుండనే న్యూయార్కు చేతిలో 4-1గా ఓడెను. 1960 నాటి కథ మరింత విచిత్రము. న్యూయార్కు యాంకీలు గెలిచిన మూడు ఆటలలో 16-3, 10-0, 12-0 పరుగులతో ఎదుటివారిని చిత్తు చేసిరి. ఏడాటలలో వారి పరుగులు 55; పిట్స్‌బర్గ్ పరుగులు 27. అయినను నాలుగు ఆటలు గెలిచి కప్పు తీసికొన్నది పిట్స్‌బర్గే. ఏడవ ఆట చివరి వంతులో బిల్ మజరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో 10-9గా పోటీ తేలిపోయెను.

మన వైపు ఉదాహరణములకు కొదువ లేదు. 2023 ప్రపంచ కప్పు క్రికెట్‌లో భారత జట్టు వరుసగా పది ఆటలు గెలిచి, నవంబరు 19న అహమ్మదాబాదులో ఆస్ట్రేలియా చేతిలో ఒక్క ఆట ఓడెను. ఆ రాత్రి ఎన్నో ఇండ్లలో అన్నము చల్లారిపోయినది. ఇందుకు మారుగా, అదృష్టము మన వైపు మొగ్గిన సందర్భములును కలవు. ఐపీఎల్‌లో హైదరాబాదు పేరిట వచ్చిన కప్పులు రెండు. 2009లో డెక్కన్ చార్జర్స్ లీగు పట్టికలో నాలుగవ స్థానమున ఉండి కప్పు గెలిచినది. 2016లో సన్‌రైజర్స్ మూడవ స్థానమునుండి వచ్చి గెలిచినది. రెండు మారులును పట్టికలో మొదట నిలచినది వేరొక జట్టు. ఐపీఎల్ వారు 2011నుండి పట్టికలో మొదటి రెండు స్థానములవారికి ఒక ఓటమి తరువాత మరియొక అవకాశమిచ్చు పద్ధతిని పెట్టినారు. ఏడాది శ్రమ ఒక్క సాయంత్రమున వమ్ముకాకుండుటకు అది కొంత రక్ష.

అట్లని తుదిపోటీలు వ్యర్థమని కాదు. బలహీనునికి ఆశ లేని పోటీని ఎవరును చూడరు. అయితే తుదిపోటీ ఫలితమును తీర్పుగా గాక వార్తగా గ్రహింపవలెను. ఆ దినమున ఏమి జరిగినదో అది చెప్పును. ఎవరు మేటియో తెలియవలెనన్న ఏడాది పట్టికను చూడవలెను. కార్డుల లీగువారు ఈ రెండు పుస్తకములను వేర్వేరుగా ఉంచుకొందురు. ఓడిన ఆటగాని కార్డును వారు చింపివేయరు.

అదృష్టమునకు లెక్క కలదను భావము మనకు క్రొత్త కాదు. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వమందలి నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు దారిలో ఒక తాని చెట్టును చూచి, దాని ఆకులెన్నియో, కాయలెన్నియో చెప్పును. నలుడు లెక్కించి చూడగా అది సరిపోవును. అంతట ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయమను పాచికల విద్యను నేర్పును. త్రిఫలములలో చేరిన ఈ తానికాయలే పూర్వము పాచికలుగా ఉపయోగపడెడివి. లెక్కపెట్టు విద్యయు, పాచికల విద్యయు ఒకే చెట్టు క్రింద ఒకే గురువునుండి లభించుట ఈ కథలోని విశేషము. ఆధునిక కాలమున ఈ విద్యను ప్రపంచమునకు నేర్పినవారిలో మన తెలుగువాడైన సి.ఆర్. రావు అగ్రగణ్యుడు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించెను. ఆ సంవత్సరముననే ఆయన దివంగతుడయ్యెను.

నలుడు ఈ విద్యను రాజ్యము పోగొట్టుకొన్న పిదప నేర్చుకొనెను. మన యువకులకు ముందుగా తెలియుట మేలు. ఒకడు ఫోనులో పందెము కట్టి వరుసగా మూడు ఆటలలో గెలిచినాడనుకొందము. తనకు ఆట తెలిసినందున గెలిచితినని అతడు నమ్మును. కాని ఏమియు తెలియక నాణెము ఎగురవేసి చెప్పువారిలోను ఎనమండుగురికి ఒకడు వరుసగా మూడు మారులు సరిగా చెప్పును. ఆ ఒక్కని ధైర్యము నాలుగవనాడు ఇంటి నగలను తాకట్టునకు పంపును. ఆన్‌లైన్‌లో డబ్బు ఒడ్డి ఆడుటను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే శాసనముచే నిషేధించినది. 2025లో పార్లమెంటును ఇట్టి శాసనము చేసినది. శాసనము పోలీసుల చేతిలోనిది. ఈ లెక్క మాత్రము ప్రతి ఇంటివారి చేతిలోనిది.

ఉపాధ్యాయులకును దీనితో పనియున్నది. ఒక్కనాటి పోటీలో ఓడినదని ఒక బాలికను జట్టునుండి తొలగించుటకు ముందు, ఆమె ఏడాది పొడవున ఆడిన తీరును వ్రాసిపెట్టిన పుస్తకము ఉన్నదా యని చూడవలెను. లేనిచో నేటినుండియైన ఒకటి ప్రారంభింపవచ్చును. చెంబును, ఇరువది చీటీలను పిల్లల ముందుంచి పది పోటీలు ఆడించినచో, పెద్దలు చెప్పనక్కరలేకుండనే వారికి ఓటమి అనిన ఏమో, యోగ్యత అనిన ఏమో వేర్వేరుగా బోధపడును. ఖర్చు ఒక తెల్లకాగితము. పట్టుకాలము ఒక ఆదివారపు మధ్యాహ్నము.